అడిగినావిడ పేరేమిటి?

గుడి కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, రాళ్ళు చెక్కిన శిల్పి పేరు ఉండదని వాపోతూంటాం. సంగీతంలో ఈ లెక్క తిరగబడుతుంది. కట్టించింది ఆడదైతే మరీనూ!

'పియరో లూనేర్' అని ఒక రచన ఉంది. వెన్నెల మత్తెక్కిన విదూషకుడి కలల్లాంటి కవితలు. 1884లో ఫ్రెంచిలో రాసినవాడు బెల్జియం కవి ఆల్బేర్ జిరో. జర్మన్‌లోకి మార్చినవాడు హార్ట్‌లేబెన్. అందులో 21 కవితలకి 1912లో సంగీతం కట్టినవాడు ఆర్నల్డ్ షోన్‌బర్గ్. ముగ్గురూ మగవాళ్ళే, ముగ్గురికీ పేరొచ్చింది. మరి వీటికి సంగీతం కట్టిపెట్టండని డబ్బిచ్చి మరీ అడిగిందెవరండీ? ఆల్బర్టీన్ త్సేమె అనే నటి. అప్పటికే ఆవిడకి యాభై దాటాయి. ఆవిడ పేరు వస్తే గిస్తే 'మొదట వినిపించినది' అన్న ఒక్క ముక్కతో సరి!

ఆవిడ అడిగింది పియానో తోడు మాత్రమే. ఆయన ఫ్లూట్, క్లారినెట్, వయొలిన్, చెల్లో చేర్చుకుంటూ పోయాడు. ఆవిడ సరేనంది. కవితల్ని నటిగా చదివి వినిపించాలన్నది ఆవిడ కోరిక. అందుకే ఇందులో గొంతు పూర్తిగా పాడదు, పూర్తిగా మాట్లాడదు. హరికథలో దాసుగారి మాట పాటలోకి జారే చోటు మనకి తెలుసుగా? ఇంచుమించు ఆ చోటులోనే కవితలన్నీ నడవాలి. వినేవాళ్ళని ఈనాటికీ ఉలిక్కిపడేలా చేసే ఆ గొంతు ఆవిడ కోరికలోంచే పుట్టింది.

"డబ్బివ్వడం ఏపాటి ఘనకార్యం? ప్రతిభ ఆయనది కదా!" అంటారు కొందరు. ప్రతిభ ఆయనదే, ఎవరు కాదన్నారు? కాని 1912 అక్టోబరు 16న బెర్లిన్‌లో మొదటి ప్రదర్శననాడు వాద్యగాళ్ళు తెర వెనక కూర్చున్నారు. వేషం కట్టుకుని జనం ఎదుట ఒంటరిగా నిలబడింది ఆవిడ. మెచ్చినా, వెక్కిరించినా, ముందు తగిలేది ఆవిడకే. డబ్బుతోపాటు పరువూ ఒడ్డిన మనిషిది ఒక్క ముక్కతో తీరే రుణమా?

ఆడపిల్ల నోరు తెరిచి అడగకూడదనీ, పెట్టింది తినాలనీ మనింట్లో మనమే నేర్పుతాం. అడగడమంటే ఆశపోతుతనమని మనకో నమ్మకం. తనకేం కావాలో తెలుసుకుని, తగినవాణ్ణి వెతికి అడగడం కూడా సృష్టిలో భాగమే! ఆ కచేరీ కరపత్రం మీద ముగ్గురి పేర్ల పక్కన నాలుగో పేరు, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

ఇక మీ అమ్మాయి వచ్చి 'నాకిది కావాలమ్మా' అంటే, వద్దనే ముందు ఎందుకో అడిగి చూడండి.