జవాబు చెప్పకండి, జెండా గీయించండి



ఆగస్టు 15కు ముందు మీ బాబుకో పాపకో ఈ లెక్క ఇచ్చి చూడండి. 900 మి.మీ. పొడవున్న జాతీయ జెండా వెడల్పు 600 మి.మీ. పొడవు 450 మి.మీ. అయితే వెడల్పు ఎంత?

కొందరు పిల్లలు 150 అంటారు. "పొడవు కంటే వెడల్పు 300 తక్కువ కదా!" అని కారణమూ చెబుతారు.

అప్పుడు మనమేం చేస్తాం? ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి ఉంటాం, రేపే స్లిప్ టెస్ట్. "తప్పు, 2తో గుణించి 3తో భాగించు" అనేస్తాం. నోట్‌బుక్‌లో 300 పడుతుంది, టిక్కూ పడుతుంది. కానీ నిష్పత్తి అంటే తీసివేత అనే పొరపాటు అలాగే ఉండిపోతుంది. పై తరగతుల్లో సరూప త్రిభుజాల దగ్గర మళ్లీ బయటపడుతుంది.

అందుకే జవాబు చెప్పకండి. కాగితం మీద 9 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పుతో ఒక జెండా, 4.5, 1.5 కొలతలతో ఇంకొకటి గీయమనండి. రెండోది రిబ్బనులా కనిపిస్తుంది. "పొడవు సగమైంది, మరి వెడల్పు?" అని మాత్రం అడగండి. 300 అని తామే చెబుతారు. జెండా ఏ సైజుదైనా నిష్పత్తి 3:2 అని ఇక మరిచిపోరు. ఒక్కో రంగు పట్టీ 100 మి.మీ. అనీ, చక్రంలో 24 ఆకుల మధ్య 15 డిగ్రీల చొప్పున ఉంటుందనీ తామే లెక్కకడతారు.

ఫీజు కట్టేది మార్కుల కోసం కూడా, కాదనను. అయితే మీరు చెప్పిన జవాబు పరీక్ష హాలుకు రాదు. పిల్లలు తాము కనుక్కున్న దారే వస్తుంది.