అడవి విడిదికి మన చేతి మంచము

స్కౌటు బాలురను భద్రాచలపు టడవి యంచునకు విడిదికి గొనిపోవుద మనగానే పెద్దలలో రెండు పక్షము లేర్పడుచున్నవి. బాలురు నేలపైననే పండుకొని యోర్పు నేర్వవలయు ననునది యొకటి. ప్లాస్టిక్ కుర్చీలును మడత మంచములును లారీలో వేసికొని పోవుద మనునది రెండవది. మాకు రెండును సమ్మతములు కావు.

నేలపై పండుకొనుట యోర్పు కాదు, అపాయము. కట్లపాము రాత్రివేళ సంచరించును. తఱచుగా నేలపై నిద్రించువారినే కాటువేయును. ఆ కాటున నొప్పి యంతగా నుండదు గావున నిద్రలో నున్నవాడు గుర్తింపకయే పోవచ్చును. ఇక మన్యపు మలేరియా మాట ఇచ్చటివారికి మేము చెప్పనక్కఱలేదు. 1907లో బ్రౌన్సీ దీవిలో తొలి విడిది నడపి మఱుసటి యేట గ్రంథము వెలువరించిన బేడెన్ పవెల్ దొరగారును, విడిదిలో అగచాట్లు పడువాడు కొత్తవాడే యనియు, ఆరితేఱినవాడు సుఖముగా నుండు నుపాయము లెఱుగు ననియు బోధించిరి.

ఆ యుపాయములు మనకు సీమనుండి రానక్కఱలేదు. కోయ సోదరులు చేనికావలికి వేయు మంచెను చూడుడు. పంగకఱ్ఱలు పాతి, వాసములు పఱచి, నారతో బిగింతురు. దానినే మూరెడెత్తునకు దించినచో మంచ మగును. మా తరగతులలో వెనుక బల్లపై మౌనముగా కూర్చుండు కోయ బాలుడు అచ్చట గురువగును. ఇది యొక్కటియే విడిదికి చాలిన ఫలమని మా తలంపు.

ఆఱడుగుల పొడవు, రెండున్నర యడుగుల వెడల్పు చాలును. నాలుగు మూలల పంగకఱ్ఱలను మూరెడు లోతున పాతి, తలవైపు నొకటి, కాళ్లవైపు నొకటి అడ్డకఱ్ఱ నుంచి, వానిపై నిలువు వాసములు రెండు కట్టి, పైని వెదురు బద్దలు దగ్గఱ దగ్గఱగా పఱవవలయును. బద్దల యంచులను కత్తితో నునుపు చేయనిచో చర్మము చీరును. మూలలయందు పొడవు గడలు నాలుగు కట్టినచో దోమతెరకును నాధార మగును. కట్టు వేయునపుడు త్రాటిని ఒక కఱ్ఱకు ముడివైచి, రెండు కఱ్ఱలను కలిపి మూడు చుట్లు చుట్టి, పిమ్మట కఱ్ఱల నడుమనుండి ఆ చుట్లమీదుగనే రెండు చుట్లు లాగి బిగింపవలయును. బాలురు తఱచుగా విడుచునది యీ కడపటి రెండు చుట్లనే. మంచము కూలునదియు నచ్చటనే.

వడ్రంగము చదువుకొను పిల్లల కేల యని కొందఱు ఉపాధ్యాయు లందురు. దీర్ఘచతురస్రపు కర్ణమును కాగితముమీద తప్పులేక గుణించు బాలుడు, మంచము మూలలు సరిగా నున్నవో లేవో కర్ణములకు త్రాడు పట్టి చూడవచ్చునని యెఱుగకున్నాడే, దానికి వారేమందురు?

అడవిలోనే యుంటిమి గదా, కఱ్ఱ కొట్టుకొంద మనుట కూడదు. రిజర్వు అడవిలో నైనను, కిన్నెరసాని అభయారణ్యమున నైనను అనుమతి లేక చెట్టు నఱకుట నేరము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయముగా నెంచి, దానిని సేకరించి యమ్ముకొను హక్కు నడవివాసుల కిచ్చినది. కావున వారియొద్ద వెలయిచ్చి కొనుట న్యాయము. మూడేండ్లు దాటిన ముదురు వెదురు నెండిన పిదప గొనవలయును. పచ్చి వెదురు ఎండినకొలది సన్నబడి కట్టు వదులగును. లేత వెదురున పిండి యెక్కువ గనుక పుప్పిపురుగు చేరును. గడలను కొన్ని వారములు నీట నానవైచి యారబెట్టినచో నా బాధ తగ్గును. విడిది ముగిసిన పిమ్మట మంచములు విప్పి, కట్టలు కట్టి, పాఠశాల వసారాలో నేలకు తగులకుండ నుంచినచో మఱుసటి యేటికిని పనికివచ్చును.

రాబోవు విడిది పద్దులో కుర్చీల బాడుగను కొట్టివేసి, జనపత్రాడును, కత్తులును, వెదురు గడలును వ్రాయుడని నిర్వాహకులకు మా విన్నపము. మొదటి దినపు సాయంకాలము చీకటి పడకముందే మంచములు కట్టుట ముగియవలయును, ఆటలు మఱునాడు.