ఎగుమతి మిర్చికే పరీక్షా?

ఎండుమిరపకాయను విరిచి చూడండి. పైకి ఎర్రగా నిగనిగలాడుతున్నా, ఒక్కోసారి లోపల గింజల చుట్టూ బూజు కనిపిస్తుంది. అదే కాయ మరలో పడి కారమైతే ఎంతటి అనుభవజ్ఞురాలైన గృహిణి కూడా గుర్తుపట్టలేదు.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఎండబెడితే బూజు ఆగుతుందే గానీ అప్పటికే కాయలో చేరిన విషం పోదు. పోపులో వేగినా, పులుసులో మరిగినా పోదు. ఇది కాలేయ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఏనాడో తేల్చింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ మరణాలను శోధించింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. మొక్కజొన్నలా మిరపను ఎవరూ కడుపునిండా తినరు, నిజమే. కానీ కారం పడని పూట మన ఇళ్లలో ఏది?

గుంటూరు నుంచి ఓడెక్కే మిర్చికి ఈ విషం కోసం పరీక్ష తప్పనిసరి. స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఆ ఊళ్లోనే ఉంది. యూరప్ దేశాలు కిలో మిర్చిలో మొత్తం అఫ్లటాక్సిన్ 10 మైక్రోగ్రాములు దాటితే రానివ్వవు. మన నిబంధనలు సుగంధద్రవ్యాల్లో 30 దాకా ఒప్పుకుంటాయి. వారపు సంతలో విడిగా తూచి ఇచ్చే కారంలో ఆ 30 అయినా ఎవరు కొలుస్తున్నారు? పరాయి దేశపు వినియోగదారుడికి దక్కే రక్షణ పండించిన రైతు బిడ్డకు దక్కకపోవడాన్ని మేం ఒప్పుకోం.

రైతును దోషిగా నిలబెట్టడం తగదు. కోతల కాలంలో కల్లంలో కాయ నేలమీదే ఎండుతుంది. రాత్రి మంచు, అకాల వాన దాన్ని తడుపుతాయి. కప్పడానికి టార్పాలిన్ పట్టాలు కొనలేని కౌలురైతు ఏం చేస్తాడు? అయితే బస్తాకెత్తేముందు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటును మాత్రం మానాల్సిందే. ఆ తేమే గోదాములో బూజుకు ప్రాణం పోస్తుంది.

ఇక తాలు కాయల సంగతి. రంగు పోయిన ఈ కాయలు చవకగా అమ్ముడై కారం మరలకు చేరుతున్నాయి. పరీక్ష లేకుండా తాలును పొడి పట్టడాన్ని నిషేధించాలి. మిర్చి యార్డులోనే నమూనాలు తీసి పరీక్షించాలి, ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. కల్లాలకు సిమెంటు గచ్చులు, పట్టాలు సబ్సిడీపై ఇవ్వాలి. దేశీయ పరిమితిని 10కి తగ్గించాలి. వచ్చే సీజన్‌లో యార్డుకు మొదటి మిర్చి బస్తా దిగేలోపే ఈ ఏర్పాట్లు మొదలుకావాలి.