కలుపు తీసే డాక్టరు

బెంజ్ సర్కిల్ నుంచి ఏ రోడ్డు పట్టుకున్నా ఆసుపత్రి బోర్డులే. ఒక డాక్టరు మాట మీద అనుమానం వస్తే రోడ్డు దాటి ఇంకొకరికి చూపించుకోవచ్చు. మరి ఊరంతటికీ ఒక్కరే డాక్టరుంటే? ఆయన దేవుడిలాంటివాడైతే? ఆ దేవుడే హంతకుడైతే?

అమెరికా రచయిత ఐరా లెవిన్‌కు వచ్చిన ఈ పాడు ఊహే ‘డాక్టర్ కుక్స్ గార్డెన్’ నాటకం. 1967 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేలో తెర లేచింది.

వెర్మాంట్ రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. ఊరందరికీ డాక్టర్ కుక్ అంటే ప్రాణం. ఊరందరి ప్రాణం ఆయన చేతిలోనే! ఆయన్ను చూసి డాక్టరైన కుర్రాడు జిమ్ ఊరికి తిరిగొస్తాడు. చూస్తే... మంచివాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారు. నలుగురినీ ఏడిపించేవాళ్లు మాత్రం టపటపా రాలిపోతున్నారు. పెద్దాయనకు తోటపని ఇష్టం. కలుపు ఏరేయడం ఆయనకు అలవాటు. మొక్కల్లోనే కాదు, మనుషుల్లోనూ!

ముగింపు చెబితే థ్రిల్లర్‌కి ద్రోహం చేసినట్టే.

నవ్విస్తూనే ఒళ్లు జలదరింపజేయడం తెలుగు రంగస్థలానికి కొత్త కాదు. నాగభూషణం ‘రక్తకన్నీరు’తో ఊరూరా చేసిందదే. ఇక డాక్టర్ల మీద జోకులంటారా... వైద్యుణ్ని యముడికి అన్నగా చేసి, యముడు ప్రాణమే పట్టుకెళతాడు, ఈయన డబ్బు కూడా పట్టుకెళతాడని మన పెద్దలు ఏనాడో చమత్కరించారు. భయం ఉన్నచోటే హాస్యం పుడుతుంది మరి!

కుక్ వేషం వేసిన బర్ల్ ఐవ్స్ జానపద గాయకుడు కూడా. అయినా నాటకం 8 ప్రదర్శనలకే ఆగిపోయింది. 1971లో టీవీ సినిమాగా తీసినప్పుడు ఆ పాత్ర ‘వైట్ క్రిస్మస్’ గాయకుడు బింగ్ క్రాస్బీకి దక్కింది. మన చిత్తూరు నాగయ్య చేత హంతకుడి వేషం వేయించినట్టన్నమాట! లెవినే రాసిన మరో థ్రిల్లర్ ‘డెత్‌ట్రాప్’ 1978లో మొదలై 1,793 సార్లు ఆడింది.

ఇదంతా కల్పనే కదా అనుకుంటే పొరపాటే. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరి హైడ్ అనే ఊళ్లో హెరాల్డ్ షిప్‌మన్ పేరున్న డాక్టరు. మందు పేరుతో ప్రాణాంతకమైన ఇంజక్షన్లు ఇచ్చేవాడు. మరణ ధ్రువపత్రాలూ తనే రాసేవాడు. 15 మందిని చంపినట్టు 2000లో కోర్టు తేల్చింది. విచారణ సంఘం 2002లో లెక్క తీస్తే ఆ సంఖ్య 215కి చేరింది!

విచిత్రమేమిటంటే, షిప్‌మన్ పేషెంట్ల దహన పత్రాల మీద రెండో సంతకం పెట్టేది ఎదుటి క్లినిక్ డాక్టర్లు. ఇన్ని చావులేమిటని వాళ్లలో ఒకామె 1998 మార్చిలోనే అధికారులకు చెప్పింది. పోలీసులు పైపైన చూసి వదిలేశారు. ఆ తర్వాత మరో ముగ్గురు బలయ్యారు. చివరికి ఓ పేషెంటు పేరుతో దొంగ వీలునామా సృష్టించి దొరికిపోయాడు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇప్పుడు పద్ధతి మారింది. కరోనర్ విచారణకు వెళ్లని ప్రతి మరణాన్నీ, ఆ రోగికి వైద్యం చేయని మరో డాక్టరు పరిశీలించాల్సిందేనని 2024 సెప్టెంబరు నుంచి నిబంధన పెట్టారు.

డాక్టర్ని నమ్మక తప్పదు. నమ్మకంతోనే సగం జబ్బు తగ్గుతుంది. అయినా రెండో అభిప్రాయం అడిగితే మంచి డాక్టరెవరూ నొచ్చుకోరు. ఉలిక్కిపడేది కుక్ లాంటివాళ్లే!