భాష కొఱకు రెండు పన్నులు

మలేషియాలోని చీనావారు తమ పాఠశాలలకు విరాళములు పోగుచేయుట జాతిభేదములను పెంచుటయే యని వాదించు పెద్దలు కొందఱు కలరు. వలస వచ్చినవాడు వచ్చినచోటి భాష నేర్చిన చాలదా, తాతల భాష కింత ధనమేల యని వీరి ప్రశ్న. మూడు తరములుగా అచ్చటనే పుట్టి, అచ్చటనే మట్టిలో కలియువాని నింకను వలసవాడనుట యెట్టి న్యాయమో వారే చెప్పవలయును.

జరిగినదేమి? 1961 విద్యాచట్టముతో మలయాలో చీనాభాషలో బోధించు ఉన్నత పాఠశాలలకు రెండే దారులు మిగిలెను. బోధనాభాషను మార్చుకొని సర్కారు ధనము పుచ్చుకొనుట యొకటి. భాషను నిలుపుకొని ధనమును వదలుకొనుట రెండవది. పెక్కుబడులు మొదటి దారి పట్టినవి. ఉపాధ్యాయ సంఘ నాయకుడు లిమ్ లియాన్ గియోక్ ఈ విధానము నెదిరించి బోధనాధికారమును, పిమ్మట పౌరసత్వమును గూడ కోలుపోయెను. రెండవ దారి పట్టిన బడులు పిల్లలు తగ్గి, కాసులు లేక కృశింపసాగెను. అప్పుడు 1973లో పేరాక్ రాష్ట్రమున జనులు మేల్కొని తొమ్మిది బడుల కొఱకు పది లక్షల నిధికి పూనుకొనిరి. నేడు దేశమున సుమారు 60 బడులు నిలిచియున్నవి. సర్కారునకు పన్ను కట్టుచునే, బిడ్డ చదువునకు జీతము చెల్లించుచునే, బడికి మరల చందా యిచ్చువానిని స్వార్థపరుడనుట కంటె అన్యాయము కలదా?

ఇది ధనికుల వేడుక యనుకొనరాదు. 1953లో సింగపూరున నాన్యాంగ్ విశ్వవిద్యాలయమునకు టాన్ లార్క్ సై 50 లక్షల డాలర్లు ప్రకటించెను. హొక్కియన్ సంఘము 523 ఎకరముల నేల నిచ్చెను. ఆ వెంటనే మూడు చక్రముల బండి త్రొక్కువారు ఒకనాటి సంపాదన నంతయు తెచ్చి యిచ్చిరి. తమ బిడ్డలు ఆ గడప త్రొక్కుదురో లేదో వారికి తెలియదు.

మలేషియాలోని యీ బడులలో మలయుభాషయు, ఇంగ్లీషును గూడ నేర్పుదురు. మూడు భాషలు వచ్చిన బాలుడు దేశద్రోహి, ఒక్కటి వచ్చినవాడు దేశభక్తుడా?

లోపములు లేవని మేమనము. చందాలపై బ్రదుకు బడి దాతల ముఖము చూచి బ్రదుకవలసివచ్చును. జీతము కట్టలేని పేదవాని బిడ్డ వెలుపలనే నిలుచును. ప్రజల సొమ్ముతో సర్కారు చేయవలసిన పనిని ప్రజలే మరల సొమ్మిచ్చి చేసికొనుట గర్వింపదగిన యేర్పాటు కాదు.

మనమాట యేమి? విశాఖ, గోదావరి సీమలనుండి మనవారును ఆ మలయా తోటలకే కూలికి పోయిరి. ఆ తోటలలో తెలుగు బడులుండెడివి, ఒక్కొక్కటిగా మూతపడెను. కూలిజనము కొద్దిమంది, చెల్లాచెదరుగా నున్నవారు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. కాని ఇచ్చటి మనలో ఎవరు ఒక్క పంతులు జీతమును భరించిరి? ఉత్సవములకు పందిళ్లు, విగ్రహములకు కిరీటములు, సన్మానములకు శాలువలు మాత్రము కొదువలేకున్నవి! 1955లో స్థాపితమైన మలయా ఆంధ్రసంఘము నేటికిని తెలుగు తరగతులు నడుపుచున్నది. మన పఠనమందిరములలో రెండేసి ప్రతులున్న బాలవాచకములు, శతకములు ఒక మూట గట్టి పంపుటకు తపాలా ఖర్చు తప్ప వేఱు వ్యయము లేదు. ఆ మూట ఈ నెలలోనే కట్టవచ్చును.