బిడ్డను ముందు బిడ్డగా చూద్దాం

ఉగాది పిల్లల పోటీలకు దరఖాస్తు ఫారం సిద్ధమవుతోంది. తమిళనాట తరతరాలుగా ఉంటున్న మనం ఈ సమయంలో కలిసి ఆలోచించాల్సిన మాట ఒకటుంది.

మన ఇళ్ళలో పుట్టువెంట్రుకలు తీయించేదాకా పిల్లల జుట్టు కత్తిరించరు. రెండు మూడేళ్ళ మగపిల్లవాడికి జడ వేసి, పూలు పెట్టి, ఫోటో తీయించడం తాతల నాటి నుంచీ ఉన్న ముచ్చటే. ఆ జడ చూసి ఇంటికొచ్చినవాళ్ళు "పాప బావుంది" అంటారు. అదే ఇంటి ఆడపిల్లకు తిరుపతిలోనో పళనిలోనో గుండు చేయించి తెస్తే, "బాబు పేరేంటి?" అని అడుగుతారు. మన కంటికి ముందు ఆనేది జుట్టు, కమ్మలు, గౌను రంగు. బిడ్డ ఆ తర్వాతే.

మన భాషకు ఇంత తొందర లేదు. "బిడ్డ ఏడుస్తోంది" అంటే మగో ఆడో తెలియదు. తమిళంలో కుళందై అన్నా అంతే.

పొరబడితే సరిదిద్దుకుంటాం, ఇందులో ఏముంది అని కొందరంటారు. పిలుపు దిద్దుకోవడం తేలికే. చూపు దిద్దుకోవడమే కష్టం. జాన్ కాండ్రీ, శాండ్రా కాండ్రీ అనే అమెరికా పరిశోధకులు 1976లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే పసిబిడ్డ వీడియో చూపిస్తూ, కొందరికి మగబిడ్డ అని, కొందరికి ఆడబిడ్డ అని చెప్పారు. డబ్బాలోంచి బొమ్మ పైకెగిరేసరికి బిడ్డ ఏడ్చింది. మగబిడ్డ అనుకున్నవాళ్ళకు ఆ ఏడుపులో ఎక్కువగా కోపం కనిపించింది. ఆడబిడ్డ అనుకున్నవాళ్ళకు భయం కనిపించింది. బిడ్డ ఒకటే, ఏడుపూ ఒకటే. మన ఇళ్ళలో పడ్డ పిల్లవాడిని "మగాడివి, ఏడుస్తావేంట్రా" అని లేపుతాం. పిల్లనైతే "అయ్యో తల్లీ" అని ఎత్తుకుంటాం. వాడికీ నొప్పే కదా!

మన వేదిక సంగతి చూద్దాం. తంజావూరు జిల్లా మెలట్టూరులో నరసింహ జయంతికి ఆడే తెలుగు భాగవత మేళ నాటకాల్లో ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం మగవాళ్ళే కడతారు. అది మన వారసత్వమని గర్వంగా చెప్పుకుంటాం. ఆడపిల్ల కృష్ణుడి వేషం వేసినా ముచ్చటపడతాం. ఏడేళ్ళ పిల్లవాడు గోపిక వేషం వేస్తాననేసరికి ఎగతాళి మొదలవుతుంది.

ఈ తొందర ఎంతదాకా పోగలదో మన రాష్ట్రంలోనే తెలిసింది. కొందరు పిల్లలు పుట్టినప్పుడు శరీరాన్ని బట్టి మగో ఆడో తేల్చి చెప్పలేం. అలాంటి పసికందులకు ఆపరేషన్ చేసి ఏదో ఒకవైపు తేల్చేయడం ఉండేది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని ఆపాలని ఆదేశించింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప అలాంటి శస్త్రచికిత్సలు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ శరీరం ఆ బిడ్డది. పెద్దయ్యాక నిర్ణయమూ ఆ బిడ్డదే. రేపు మనవాళ్ళ ఇంట్లోనే అలాంటి బిడ్డ పుట్టొచ్చు. బారసాల నాటికి మనం అడిగే ప్రశ్నలకు జడిసి ఆ తల్లిదండ్రులు ఆస్పత్రుల చుట్టూ తిరగాల్సిన గతి పట్టకూడదు.

ఇది పరదేశపు పోకడ, పిల్లలు అయోమయంలో పడతారు అనే పెద్దల భయం అర్థం చేసుకోదగిందే. కొడుకును కొడుకనవద్దని, కూతురిని కూతురనవద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. బిడ్డ ఏం కావాలో, ఏం ఆడాలో, ఎప్పుడు ఏడవాలో జుట్టు చూసి మనం ముందే తేల్చేయవద్దని మాత్రమే అంటున్నాం.

కార్యవర్గానికి మన మనవి మూడు మాటలే. పదేళ్ళలోపు పోటీల ఫారంలో పేరు, వయసు, అంశం చాలు. బాలుర ముగ్గులు, బాలికల క్విజ్ అనే తేడా వద్దు, ఇష్టమైనవాళ్ళు ఇష్టమైనదానికి పేరిస్తారు. వేదిక మీద "ఈ పాప, ఈ బాబు" అనకుండా పేరు పెట్టి పిలుద్దాం. బహుమతుల్లో అబ్బాయిలకు బ్యాటు, అమ్మాయిలకు గాజుల పెట్టె అని విడదీయకుండా అందరికీ పుస్తకాలే ఇద్దాం.

ఖర్చు పెరిగేది లేదు. మీరేమంటారో రాయండి. కాదనేవాళ్ళు కూడా తప్పక రాయండి.