చచ్చాక కట్టే ఖరీదు

"మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే మా పక్కవాటా ఆవిడ, "ఏమీ చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. ఒక చేత్తో కుక్కరు మూత బిగిస్తూ, రెండో చేత్తో పిల్లాడి చొక్కా గుండీలు పెడుతూ అంటుంది ఆ మాట!

ప్రభుత్వం కూడా ఆవిడతో ఏకీభవించింది లెండి. 2001 జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి 'పని చెయ్యనివారి' జాబితాలో వేశారు. అలా రాసిన గుమాస్తాగారికి ఆ పొద్దున క్యారేజీ ఎవరు సర్దిచ్చారో మరి!

2010లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. సంతోషమే. కానీ సంగతి కోర్టుదాకా ఎలా వెళ్ళింది? రోడ్డు ప్రమాదంలో ఒక ఇల్లాలు పోతే నష్టపరిహారం లెక్క తేలక. అప్పటి మోటారు వాహనాల చట్టంలో ఒక పద్ధతి ఉండేది. సంపాదన లేని భార్య పోతే, ఆవిడ ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడోవంతుగా లెక్కకట్టాలిట. అంటే గుమాస్తా భార్య పెట్టిన సాంబారు చవక, ఆఫీసరు భార్య పెట్టిన సాంబారు ఖరీదు! పప్పు ఒకటే, పొయ్యి ఒకటే, నడుం నొప్పీ ఒకటే.

2021 జనవరిలో మన తెలుగువారే, జస్టిస్ ఎన్.వి. రమణగారు తీర్పులో ఒక లెక్క ఉదహరించారు. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు పెట్టేది 97. మంచి తీర్పు. అదీ ఢిల్లీలో ప్రమాదంలో పోయిన భార్యాభర్తల కేసులోనే.

పోనీ, చావకుండా విడిపోతే? ఆ ఏడే బీజింగులో ఒక కోర్టు, విడాకులు తీసుకున్న ఇల్లాలికి అయిదేళ్ళ ఇంటిచాకిరీకిగాను 50,000 యువాన్లు ఇప్పించింది. లెక్కేసి చూశాను. మన డబ్బుల్లో రోజుకి మూడొందల రూపాయలు. పిల్లాణ్ణి పెంచడం కూడా అందులోనే!

"ప్రేమతో చేసే పనికి ధరేమిటి?" అంటారు పెద్దమనుషులు. కట్నం నోట్లు లెక్కపెట్టుకునేటప్పుడు ఈ ప్రేమ ఏ గదిలో పడుకుని ఉంటుందో ఎవరూ చెప్పరు.

బతికుండగానే లెక్క అడిగిన ఆడవాళ్ళు ఐస్‌లాండులో ఉన్నారు. 1975 అక్టోబరు 24న అక్కడ నూటికి తొంభైమంది ఆడవాళ్ళు ఆఫీసుకీ వెళ్ళలేదు, పొయ్యీ వెలిగించలేదు. మగవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని ఉద్యోగాలకి వెళ్ళారు. రేడియోలో వార్తల వెనకాల పిల్లల అల్లరి వినిపించిందిట! మరుసటేడే సమానత్వ చట్టం వచ్చింది. 1980లో ఒక మహిళ దేశాధ్యక్షురాలిగా ఎన్నికైంది.

ఇదంతా పక్కవాటా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ కళ్ళింతలు చేసుకుని విని, "మరి ఆ పూట పిల్లలేం తిన్నారండీ?" అంది.

"సాసేజీలట. మాంసంతో చేసినవి, కొని వేడిచేసుకోవడమే. దుకాణాల్లో అవి కూడా అయిపోయాయిట."

"అయ్యో పాపం!" అని, కుక్కరు కూత పెడితే లోపలికి పరిగెత్తింది.